బొంతకు బట్ట ఎంత, ఖర్చెంత? లెక్క చూసుకుని కుట్టడం ఎలా?

ఐదున్నర మీటర్ల చీరను పొడుగు వైపు సమానంగా మూడు మడతలు వేయండి. ఒక్కో మడత 1.83 మీటర్లు, అంటే ఆరడుగులు వస్తుంది. వెడల్పు చీర పన్నా ఎంతుంటే అంత, సుమారు 1.15 మీటర్లు. ఒకరు కప్పుకునే బొంత కొలత ఇదే. కత్తెర పట్టుకునే పని కూడా లేదు.

1. ఎన్ని చీరలు కావాలి?

రెండు చీరలైతే ఆరు పొరలు. మన చలికి అది చాలు. ఇంకా మందంగా ఉండాలని మూడో చీర వేశారా, తొమ్మిది పొరల్లోంచి సూది దిగదు, వేళ్లు పోతాయి. డబుల్ కాట్ మీదికైతే మూడు చీరల్ని మూడేసి ముక్కలుగా కత్తిరించండి. తొమ్మిది ముక్కలవుతాయి. రెండేసి ముక్కలు పక్కపక్కన కలిపి కుడితే 2.3 మీటర్ల వెడల్పున నాలుగు పొరలొస్తాయి. ఒక ముక్క మిగులుతుంది. పారేయకండి, దానితో పనుంది.

2. బట్ట ఖరీదు లెక్కకట్టండి

పాత చీరే కదా, ఖర్చేముంది అనుకుంటాం. నిజానికి పాత చీరకూ ఒక ధర ఉండేది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలో కేకేస్తే, నాలుగు చీరలకు ఒక గిన్నె ఇస్తుందా, చిన్న టిఫిన్ డబ్బాతో సరిపెడుతుందా అని గంట సేపు బేరం నడిచేది. బొంతలో పెట్టిన చీర అంటే ఇంటికి రాని గిన్నె అన్నమాట.

అంతకు ముందు తరానికి ఆ బేరం కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బట్టకు కరువొచ్చి, 1943లో ప్రభుత్వం బట్ట మీద, నూలు మీద కంట్రోలు పెట్టింది. 'కంట్రోలు బట్ట' అనే మాట పెద్దవాళ్ల నోట చాలాకాలం నిలిచింది. చీర చిరిగితే ఉయ్యాల, ఉయ్యాల చిరిగితే పక్కగుడ్డలు, అవీ పోతే బొంత లోపలి పొర, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం సగం ధరకు జనతా చీరలు, ధోవతులు ఇచ్చిందంటే, బట్ట ఖర్చు పేదింటికి ఎంత బరువో ఊహించుకోవచ్చు.

అప్పుడు చీర పది రూపాయలే, ఇప్పుడు ఆరు వందలు అని బాధపడితే లెక్క తప్పుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను రెండు ప్రశ్నలడగండి: ఆ రోజుల్లో నూలు చీర ఎంత, రోజు కూలి ఎంత? మొదటి అంకెను రెండో దానితో భాగించండి. ఒక చీర కోసం ఎన్ని రోజులు ఒళ్లొంచాలో వస్తుంది. ఈమధ్య సంగతి చూస్తే, 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు ఉండేది. 600 రూపాయల చీర అంటే రెండు రోజులు. మీ ఇంట్లో పాత లెక్క ఎంతొస్తుందో చూడండి. చాలామందికి ఆశ్చర్యంగానే ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు అక్కడి పద్ధతిలో కొత్త బట్ట కొని, ముక్కలు చేసి కుడుతున్నారు. మంచి నూలు బట్ట గజం 12, 13 డాలర్లు. పదిగజాలు తీసుకున్నా 120 డాలర్లు దాటుతుంది. బాగున్న బట్టను కొని మరీ ముక్కలు చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయితే 1930ల మాంద్యంలో అక్కడి ఆడవాళ్లు కూడా పిండి సంచులు, దాణా సంచులు విప్పి బొంతలు కుట్టారు. అది చూసి కంపెనీలు సంచుల మీద పువ్వులు అచ్చువేయడం పెంచాయి.

3. నూలో కాదో తేల్చుకోండి

అసలు చిక్కు ఇక్కడే. ఇప్పుడు బీరువాలో చీరలకు కొదవ లేదు, నూలు చీరలకే కొదవ. తెలంగాణలో 2017 నుంచి పంచిన బతుకమ్మ చీరలు కూడా ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టరే. పాలిస్టర్ చెమట పీల్చదు, పొరలు జారిపోతాయి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని కాల్చండి. కాగితంలా కాలి బూడిద రాలితే నూలు. కరిగి నల్లటి గట్టి పూసలా మారితే పాలిస్టర్.

నూలు చీరలు దొరక్కపోతే పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కల దొంతర తీయండి. ఒక్కోటి 80 సెంటీమీటర్లుంటుంది. మనకు ఒకరు పెట్టింది మనం ఇంకొకరికి పెట్టి తిప్పుతూనే ఉంటాం కాబట్టి ఆ దొంతర ఎప్పటికీ తరగదు. వాటిలోనూ నూలువే ఏరుకోండి. నేను ఒకసారి ఎర్ర ముక్కను తడపకుండా తెల్ల చీర మీద వేసి కుట్టాను. మొదటి ఉతుకుకే బొంతంతా గులాబీ రంగు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటితే ఆ ముక్క పక్కన పెట్టేయండి.

4. పరిచి కుట్టడం

అన్నీ ఉతికి, గంజి పోగొట్టి, ఆరబెట్టండి. జరీ అంచు గుచ్చుకుంటుంది, ముందే తీసేయండి. గంతకు తగ్గ బొంత అన్నట్టు చీరలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండాలి. గట్టి కొత్త బట్ట పక్కన నలిగిన పాత బట్ట పెడితే కుట్టు దగ్గర పాతదే చిరుగుతుంది. బాగా నలిగినవి లోపలికి, కాస్త బలంగా ఉన్నవి పైకీ కిందికీ.

గచ్చు మీద పరిచి, ముడతలు తీసి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. బియ్యం డబ్బా, పొత్రం ఏదైనా సరే. మధ్య నుంచి అంచులకు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి. ఈ పని విసుగే, కానీ మానేస్తే బొంత మెలిక తిరుగుతుంది. తర్వాత అంచులు లోపలికి మడిచి, రెండు వేళ్ల ఎడంతో పొడుగునా వరుసలు కుట్టుకుంటూ పోవాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు మాత్రం అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. చదును నేల మీద కూర్చుని కుట్టేవాళ్లకు అదీ వీలే.

చిన్న బొంతకు సుమారు 29 వరుసలు, 65 మీటర్ల దారం పడుతుంది. గట్టి నూలు దారమే వాడండి.

5. కుట్టించుకుంటే

ఒక్కో వరుసకు 20 నుంచి 25 నిమిషాలనుకున్నా మొత్తం పది, పన్నెండు గంటల పని. ఆ 307 రూపాయల ఉపాధి హామీ కూలితో లెక్కేసినా 400 రూపాయల దాకా అవుతుంది. చీరల పాత విలువ కంటే ఇదే ఎక్కువ. మునుపు ఈ పన్నెండు గంటల్ని ఎవరూ లెక్కలో రాయలేదు. అందుకే బొంత ఊరికే వచ్చినట్టు కనిపించేది. కుట్టేవాళ్లు చెప్పిన రేటు ఎక్కువనిపిస్తే, ముందు వరుసలు లెక్కపెట్టండి, తర్వాత బేరమాడండి.

పెద్ద బొంతలో మిగిలిన ఆ తొమ్మిదో ముక్కను బొంతతో పాటే ఉతుకుతూ దాచండి. రెండేళ్లకు కాళ్ల వైపు బొంత చిరుగుతుంది. మాసిక వేయడానికి అంతే నలిగిన గుడ్డ కావాలి మరి.