విడాకుల చట్టం, మూడవ పాఠం: అంగీకారమా, వ్యాజ్యమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో కాపురమున్న భార్య ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో పుట్టింటికి చేరితే, హిందూ వివాహ చట్టానికి 2003లో జరిగిన సవరణ వల్ల తానున్న ప్రాంతపు కోర్టులోనే విడాకుల పిటిషన్ వేయవచ్చునని గత పాఠంలో తెలుసుకున్నాము. కోర్టు నుండి చేతికి వచ్చిన కాగితం ఇద్దరి అంగీకారంతో పుట్టినదా, ఒకరిపై మరొకరు వేసిన వ్యాజ్యమా అని గుర్తించడం ఈ పాఠంలో నేర్చుకుందాము.

ఒడియాలోగాని ఇంగ్లీషులోగాని ఉన్న ఆ కాగితం చదవడం రాకపోయినా, ముందుగా సెక్షన్ అంకె వెతకండి. హిందూ వివాహ చట్టం, 1955 కింద 13(1) అని ఉంటే, వేసినవారు క్రూరత్వమో, రెండేళ్లకు తగ్గకుండా విడిచిపెట్టి ఉండటమో, చట్టం చెప్పిన మరొక కారణమో సాక్ష్యంతో రుజువు చేయాలి. ఎదుటివారు కౌంటర్ (రాతపూర్వకమైన జవాబు) వేసి వాదించవచ్చు. 13-బి అని ఉంటే అది ఇద్దరూ కలిసి వేసిన పిటిషన్. అందులో ఎవరి తప్పునూ రుజువు చేయనక్కరలేదు గాని, ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉన్నామని, కలిసి బతకలేకపోయామని, విడిపోవడానికి ఒప్పుకున్నామని కోర్టుకు నమ్మకం కలగాలి. పిటిషన్ వేసిన ఆరు నెలల తరువాత, పద్దెనిమిది నెలలలోపు ఇద్దరూ మళ్లీ కోర్టును కోరాలి. తగిన సందర్భాలలో ఈ ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మొదటిసారి సంతకం పెట్టినంత మాత్రాన అంతా అయిపోయిందనుకోవడం పొరపాటు. డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు) వచ్చేలోపు ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చునని 1991లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనోవర్తి మాట తేలకముందే బంధువుల ఒత్తిడితో సంతకం పెట్టిన ఆడపడుచులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

అంతకంటే నన్ను బాధించే పొరపాటు మరొకటి ఉంది. నోటీసు వస్తే "వెళ్లకపోతే కేసు దానంతట అదే పోతుంది" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. అది పోదు. మీరు హాజరు కాకపోతే కోర్టు, మీరు లేకుండానే, అంటే ఎక్స్‌పార్టేగా విచారిస్తుంది; ఎదురు వాదన లేకపోయినా కారణం రుజువు కావలసిందేనని 23వ సెక్షన్ చెబుతున్నది గాని, మీ మాట వినిపించే మనిషే అక్కడ ఉండరు. మౌనాన్ని చట్టం 13-బి అంగీకారంగా లెక్కించదు. అయినా డిక్రీ మీకు వ్యతిరేకంగా రావచ్చు. దానిని రద్దు చేయమని కోరడానికి సాధారణంగా ముప్పై రోజులే గడువు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది కనుక, వకీలు ఫీజుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు.

పెద్దమనుషులు స్టాంపు కాగితంపై రాయించిన విడిపోతల పత్రం, కులాచారం రుజువైన చోట తప్ప, పెళ్లిని రద్దు చేయదు. గజపతి, రాయగడ జిల్లాల సవర కుటుంబాల వంటి షెడ్యూల్డు తెగలకు, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించితే తప్ప, ఈ చట్టమే వర్తించదు. వారి ఆచారాన్ని వేరుగా చూడాలి.

అభ్యాసం: భర్త 13(1) కింద పిటిషన్ వేశాడు, భార్య కౌంటర్ వేసింది, మూడవ వాయిదాకు ఇద్దరూ రాజీకి వచ్చారు. ఇప్పుడు కోర్టును ఏమని కోరాలి? ఏ సెక్షన్ కింద? విడిగా ఉన్న ఏడాది కాలాన్ని ఏ తేదీ నుండి లెక్కించాలి? జవాబులు రాసి ఉంచుకోండి. నాలుగవ పాఠాన్ని వాటితోనే మొదలుపెడతాము.