ఎఫ్‌ఎం కేంద్రంలో దిశాత్మక యాంటెన్నా బిగించే ముందు జాగ్రత్తలు

దిశాత్మక యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్నే ఒక వైపు పోగుచేస్తుంది. అందుచేత ఏ ఊళ్లకు ప్రసారం అందాలో, ఏ వైపు తగ్గినా ఇబ్బంది లేదో ముందే పటంపై గీసుకోవాలి.

మన దేశంలో సామాజిక రేడియో కేంద్రాల ప్రభావక వికిరణ శక్తి (ఈఆర్‌పీ, అంటే యాంటెన్నా నుంచి ఒక దిశలో వెలువడే శక్తికి కొలత) సాధారణంగా 100 వాట్లకు, యాంటెన్నా ఎత్తు నేల నుంచి 30 మీటర్లకు పరిమితం. ఈ 100 వాట్ల లెక్కలో యాంటెన్నా లాభం (శక్తిని ఒక వైపు పోగుచేయడం వల్ల ఆ దిశలో కలిగే పెరుగుదల) కూడా చేరుతుందన్న సంగతిని చాలామంది మరచిపోతారు. డైపోల్‌తో (పోలికకు ప్రమాణంగా తీసుకునే సాదా యాంటెన్నాతో) పోలిస్తే 3 డెసిబెళ్ల లాభం ఆ దిశలో శక్తిని దాదాపు రెట్టింపు చేస్తుంది గనుక, కేబుల్ నష్టాన్ని పక్కన పెడితే, 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తోనే ఆ హద్దు వచ్చేస్తుంది. లైసెన్సులో చూపిన యాంటెన్నాను మార్చదలిస్తే ముందుగా అనుమతి పొందాలి.

ఇనుప టవర్‌కు మరీ దగ్గరగా బిగిస్తే టవరే తరంగాలను తిప్పికొట్టే ప్రతిఫలకంగా మారి ప్రసార ఆకృతిని చెడగొడుతుంది కాబట్టి, తయారీదారు సూచించిన ఎడం పాటించాలి. యాంటెన్నా దిశను సరిచూసే దిక్సూచిని ఇనుముకు దూరంగా నిలబడి చూడాలి.

ట్రాన్స్‌మిటర్‌ను ఆపి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి టవర్ ఎక్కే మనిషి దగ్గరే ఉంచాలి; ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. ఉరుముల వాతావరణంలో ఎక్కకూడదు. నడుము బెల్టు, భూసంధానం (ఎర్తింగ్), పిడుగు రక్షణ సరిచూసుకోవాలి.

మొదట తక్కువ శక్తితో ప్రారంభించి స్థిర తరంగ నిష్పత్తిని (ఎస్‌డబ్ల్యూఆర్, అంటే యాంటెన్నాకు పంపిన శక్తి ఎంత వెనక్కి వస్తోందో తెలిపే కొలతను) కొలవాలి. అది 2కు చేరితే సుమారు 11 శాతం శక్తి వెనక్కి వస్తున్నట్టే. అప్పుడు శక్తి పెంచకుండా కనెక్టర్లను, కేబుల్‌ను పరీక్షించాలి.