పిల్లలు చేసిన గాజులు, పూసల బ్రేస్‌లెట్లు ఊడిపోతుంటే: సమస్య – పరిష్కారం

సెలవుల్లో పిల్లలు కష్టపడి సిల్క్ దారం చుట్టిన ప్లాస్టిక్ గాజు రెండో రోజుకే ఊడిపోతే, వాళ్లు మళ్లీ ఆ దారాల డబ్బా వైపు చూడరు. చాలాసార్లు లోపం వాళ్ల చేతిలో ఉండదు. గాజును రుద్ది ఇవ్వడం, బ్రేస్‌లెట్ ఎలాస్టిక్ దారం సాగదీయడం, జిగురు ఆరేదాకా ఆపడం పెద్దవాళ్ల వంతు పనులు. అక్కడే తేడా వస్తుంది.

సిల్క్ దారం పక్కకు జరిగి, మధ్యలో ప్లాస్టిక్ కనిపిస్తోంది

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ప్లాస్టిక్ గాజు నున్నగా ఉండడం. దారం చుట్టే ముందు సన్నరకం సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, తడిబట్టతో పొడి తుడిచి, ఆరనివ్వండి.

రెండోది చాలామంది గమనించరు. గాజు బయటి చుట్టుకొలత లోపలి దానికన్నా ఎక్కువ. లోపల చుట్లు పక్కపక్కనే అందంగా కూర్చున్నాయంటే, బయట సందులు వచ్చినట్టే. అందుకే పిల్లలను బయటి అంచు చూస్తూ చుట్టమనండి. లోపల దారం మీద దారం ఎక్కినా ఫర్వాలేదు, కనిపించదు.

దారం చిక్కుపడకుండా ఉండాలంటే రెండు కుర్చీలను మీటరు దూరంలో పెట్టి, వాటి చుట్టూ దారాన్ని 20 చుట్లు తిప్పి, ఒకచోట కత్తిరించండి. రెండు మీటర్ల పొడవున 20 పోగులు వస్తాయి. 6 మి.మీ. వెడల్పు గాజుకు ఇది సరిపోతుంది. చుట్టేటప్పుడు పోగులు పురి పడకూడదు, రిబ్బన్‌లా పరుచుకోవాలి. పురి పడితే గాజు మీద గీతలు తేలతాయి. అలాంటప్పుడు నాలుగు చుట్లు వెనక్కి విప్పి, పోగులను వేళ్లతో దువ్వి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

దారం మీద ముదురు మరకలు

జిగురు ఎక్కువై పైకి ఊరింది. ఫ్యాబ్రిక్ గ్లూను గాజు లోపలి వైపే, 2–3 సెం.మీ.కు ఒక చుక్క చొప్పున, టూత్‌పిక్‌తో పెట్టాలి. ట్యూబు పిల్లల చేతికి ఇవ్వకుండా, మూతలో కొంచెం వేసి ఇవ్వండి. ఆరిన మరక పోదు, దాని మీద రాయి అంటించి కప్పేయడమే.

చుట్టాక గాజు చేతికి ఎక్కడం లేదు

దారం మందం లోపలికీ వస్తుంది. రెండు–నాలుగు సైజు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, సుమారు 57 మి.మీ. లోపలి వ్యాసం. తర్వాతి సైజుకు 3 మి.మీ. పెరుగుతుంది. మామూలు గాజులే బిగువుగా పట్టే చేయి అయితే ఒక సైజు పెద్దది కొనండి.

కుందన్ రాళ్లు జారడం, రాలడం

గాజు వంపు మీద తడి జిగురుతో పెట్టిన రాయి పక్కకు జారుతుంది. గిన్నెలో బియ్యం పోసి, గాజును సగం దాకా నిలువుగా గుచ్చండి. పైన సమంగా ఉన్న భాగంలో మూడు నాలుగు రాళ్లు మాత్రమే అంటించండి. అరగంట ఆగి, గాజు తిప్పి, మిగతావి పెట్టండి. పూర్తయ్యాక రాత్రంతా వదిలేయాలి. తొందరపడి సూపర్ గ్లూ వాడొద్దు. దాని ఆవిరికి రాళ్ల మీద తెల్లటి పొర కమ్ముతుంది, వేళ్లు అంటుకుంటాయి. పిల్లలున్న చోట అది అసలు ఉండకూడదు.

ఎలాస్టిక్ బ్రేస్‌లెట్ వదులైంది, తెగింది

కొత్త ఎలాస్టిక్ దారం వాడేకొద్దీ కొంత సాగుతుంది. ఆ సాగేదేదో పూసలు గుచ్చకముందే సాగాలి. 30 సెం.మీ. ముక్క తీసుకుని, రెండు కొసలూ పట్టి నాలుగైదుసార్లు నెమ్మదిగా లాగండి. 6 మి.మీ. పూసలకు 0.8 మి.మీ. దారం బాగుంటుంది. మొదటి ముడిలో కొసను ఒకసారి కాకుండా రెండుసార్లు తిప్పి బిగించండి, దానిపై ఇంకో ముడి వేసి, చుక్క జిగురు పెట్టండి. ఆరాక 2 మి.మీ. కొస వదిలి కత్తిరించి, ముడిని పూస బెజ్జంలోకి లాగేయండి.

ముడి బాగానే ఉండి దారం మధ్యలో తెగితే, ఏదో పూస బెజ్జం అంచు పదునుగా ఉందని అర్థం. లోహపు పూసల్లో, చవక గాజు పూసల్లో ఇది మామూలే. అలాంటివి ఏరి పక్కన పెట్టండి.

బిగువు సమస్యకు లెక్క ఉంది. మణికట్టు కొలతకు 6 మి.మీ. పూసలైతే 2 సెం.మీ., 8 మి.మీ. అయితే 2.5 సెం.మీ. కలపాలి, ఎందుకంటే పూస లావు లోపలి చోటు తినేస్తుంది. 14 సెం.మీ. మణికట్టుకు 6 మి.మీ. పూసలు 27, 8 మి.మీ.వి 21 పడతాయి. మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే పూసలను అంచు ఉన్న పళ్లెంలో పోసుకుని, పని అవగానే లెక్కపెట్టి డబ్బాలో వేసేయండి. గొంతులో ఇరుక్కునే వస్తువులివి.

కమ్మలు పెట్టుకున్నాక చెవి దురద, ఎర్రదనం

చవక హుక్కుల్లోని నికెల్ చాలామందికి పడదు. హుక్కు తీసేసి వెండిదో, చెవి కమ్మల కోసమే చేసిన సర్జికల్ స్టీల్‌దో మార్చండి. కింది బుట్ట అదే ఉంచుకోవచ్చు. హుక్కును, బుట్టను కలిపే చిన్న రింగును తెరిచేటప్పుడు రెండు కొసలనూ ఎడంగా లాగకుండా, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పండి. పక్కలకు లాగితే గుండ్రం పోయి మళ్లీ మూసుకోదు, బుట్ట దారిలోనే జారిపోతుంది.