వీఆర్‌లో పిల్లలు నిజంగా ఎంత నేర్చుకున్నారో తేల్చడం ఎలా

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే కంప్యూటర్‌లో కట్టిన లోకంలోనే ఉన్నట్టు అనిపించడం. ఆ హెడ్‌సెట్ తీసిన వెంటనే "ఎట్లుంది?" అని అడిగితే ఏ పిల్లాడైనా "మస్తుంది సార్" అంటాడు. ఆ మాట పట్టుకుని రిపోర్టు రాయకండి. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే.

నల్లగొండ జిల్లాలో ఒక బడిలో ఎనిమిదో తరగతి వాళ్లకి కంప్యూటర్‌లో కట్టిన వర్చువల్ ఊరు ఒకటి చూపించాం. అందులో బోరు, ట్యాంకు, నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి అన్నీ ఉన్నాయి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి మన జిల్లా పేరు పెట్టిన పద్ధతి కదా, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరుకోనిచ్చి, పైన తేటను తీసుకోవడం. ఆ సాయంత్రమే పరీక్ష పెడితే అందరూ బాగా రాశారు. పది రోజుల తర్వాత ఒక అమ్మాయి చేతికి నిజం బకెట్, కర్ర ఇచ్చాం. "నెమ్మదిగా కలపాలి" అని పేపర్ మీద రాసిన పిల్లే గిరగిరా తిప్పేసింది. అప్పుడప్పుడే దూదిపింజల్లా కట్టుకుంటున్న తెల్లటి తునకలు చెదిరిపోయి నీళ్లు మళ్లీ కలకబారాయి. తప్పు ఆ అమ్మాయిది కానే కాదు. మేం కట్టిన ఊళ్లో కలపడమంటే ఒక మీట నొక్కడం, ఎంత నెమ్మదిగా అన్నది ఆమె చేతికి ఎప్పుడూ తెలియలేదు. ఆ రోజు నుంచి ఏ వర్చువల్ పాఠాన్ని పరీక్షించినా, ఆ లోకం బయట పిల్లలు ఏం చేయగలుగుతున్నారు అన్నదే మొదట చూస్తున్నాను.

మీరు బీఎడ్ ప్రాజెక్టు చేస్తున్నా, నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో పీహెచ్‌డీ చేస్తున్నా, ప్రశ్నను ముందు చిన్నది చేసుకోండి. "వీఆర్ చదువుకు మంచిదా?" అంటే జవాబు రాదు. "ఎనిమిదో తరగతి పిల్లలు ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని వర్చువల్ ఊళ్లో నేర్చుకుంటే, అదే పాఠం బోర్డు మీద బొమ్మలతో విన్నవాళ్లకంటే రెండు వారాల తర్వాత బకెట్ దగ్గర బాగా చేస్తారా?" అని అడిగితే వస్తుంది.

అందరూ జారిపడేది పోలిక దగ్గరే. హెడ్‌సెట్ గుంపుకు కొత్త బొమ్మలు, కొత్త మాటలు, అదనపు సమయం ఇచ్చి, రెండో గుంపుకు పాత పాఠ్యపుస్తకం ఇస్తే తేడా ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు 1983లోనే ఈ గొడవ లేవనెత్తాడు, సరుకులు మోసే లారీ వల్ల మన ఒంటికి బలం రాదు, లోపలున్న సరుకు వల్ల వస్తుంది అన్నది ఆయన వాదన. ఆయనతో పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు కానీ ప్లాన్ వేసేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి. పాఠం ఒకటే, చెప్పే మాటలు ఒకటే, నేర్చుకునే నిమిషాలు ఒకటే ఉండాలి. హెడ్‌సెట్లు తగిలించడానికి పోయే సమయం వేరేగా రాసిపెట్టుకోండి, టీచర్లకు రేపు పనికొచ్చేది ఆ లెక్కే. వీలైతే అదే వర్చువల్ ఊరిని ఒక గుంపుకు హెడ్‌సెట్‌లో, ఇంకో గుంపుకు మామూలు స్క్రీన్ మీద చూపించండి. 2019లో మక్రాన్‌స్కీ, మేయర్ అనే పరిశోధకులు, వాళ్ల జట్టు 52 మంది యూనివర్సిటీ విద్యార్థులతో ఒక సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ని, అంటే కంప్యూటర్‌లో కట్టిన నకలు ల్యాబ్‌ని, ఇలాగే పోల్చారు. హెడ్‌సెట్‌లో "అక్కడే ఉన్నట్టుంది" అన్న భావన పెరిగింది, నేర్చుకోవడం మాత్రం తగ్గింది. నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు, బకెట్ దగ్గర నిలబడ్డాక అర్థమైంది.

"ఏ" సెక్షన్‌ని హెడ్‌సెట్‌కి, "బీ" సెక్షన్‌ని బోర్డుకి అని పంచకండి. ఒక సెక్షన్‌కి మంచి సైన్స్ మేడం ఉండొచ్చు, ఇంకోదాంట్లో సగం మంది పత్తి ఏరే రోజుల్లో బడికి రాకపోవచ్చు. ప్రతి సెక్షన్‌లోనూ పేర్లు చీటీల మీద రాసి, మడిచి, పిల్లల చేతే తీయించండి. మొదలుపెట్టే ముందు అందరికీ ఒక చిన్న ముందస్తు పరీక్ష పెట్టండి, వాళ్ల ఊళ్లో ఫ్లోరైడ్ గురించి ఇంట్లో విని ఎంతో తెలిసిన పిల్లలు ఉంటారు ఇక్కడ. సంఖ్య విషయానికొస్తే, ఒక మాదిరి తేడాను, అంటే కోహెన్ డి (రెండు గుంపుల సగటు మార్కుల తేడాను మార్కుల చెదురుతో పోల్చే కొలత) 0.5 అంత తేడాను, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు 64 మంది కావాలి. ఒక బడిలో దొరకరు, రెండు మూడు బడులు కలుపుకోండి. దొరికింది ముప్పై మందే అయితే చేయొద్దని కాదు, అప్పుడు "రుజువైంది" అన్న మాట వాడకుండా, ఒక్కొక్కరు ఏం చేశారో దగ్గరుండి చూసి వివరంగా రాయండి.

మొదటి రోజు అసలు పాఠమే పెట్టకండి. ఎటు తిరగాలి, వస్తువు ఎలా పట్టుకోవాలి అని ఆడుకోనివ్వండి. కొత్త మోజు తీరకుండా కొలిస్తే మీరు కొలిచేది ఆ మోజునే. కంట్రోల్స్‌తో కుస్తీ పట్టే పిల్లాడికి సున్నం గురించి ఆలోచించే తీరిక ఉండదు.

పరీక్షలు మూడు రకాలు పెట్టుకోండి. గుర్తున్నాయా లేదా అని అడిగేవి కొన్ని, "ఎందుకు నెమ్మదిగా కలపాలి?" లాంటివి కొన్ని, చేతులతో చేసేది ఒకటి. చేతి పనికి ఇరవై లీటర్ల బకెట్, పటిక, కొద్దిగా సున్నం చాలు, బ్లీచింగ్ పౌడర్ వద్దు, ఆ నీళ్లు ఎవరినీ తాగనివ్వకండి. చూసే మనిషి దగ్గర ఒక చెక్ లిస్టు ఉండాలి: ఎంతసేపు కలిపింది, వేగం తగ్గించిందా, తునకలు చూసి ఆగిందా, తేరుకునే దాకా ఓపిక పట్టిందా. ఏ పిల్ల ఏ గుంపో ఆ మనిషికి తెలియకూడదు. ఇవన్నీ పాఠం అయిన రోజు ఒకసారి, రెండు వారాల తర్వాత మళ్లీ ఒకసారి. వర్చువల్ ఊరి లోపలే పరీక్ష పెట్టి ఆగిపోకండి. 1975లో గాడెన్, బాడెలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నీళ్ల అడుగుకు దిగే ఈతగాళ్లకు నీళ్ల అడుగున మాటలు నేర్పితే, గట్టు మీద కంటే నీళ్ల అడుగునే అవి బాగా గుర్తొచ్చాయి. నేర్చుకున్న చోటే అడిగితే మార్కులు ఎక్కువ కనిపించే ప్రమాదం మనకూ ఉంది.

నచ్చిందా, కళ్లు తిరిగాయా అన్నవి కూడా అడగండి, వేరే కాగితం మీద. తల తిప్పడం, వాంతి వచ్చినట్టుండడం కోసం 1993 నుంచి వాడుతున్న 16 లక్షణాల ప్రశ్నావళి ఉంది, దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలకు చదివి వినిపించి, అర్థమైందో లేదో చూసుకోండి. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఆ క్షణమే తీసేయాలి, కారణం అడగొద్దు.

అనుమతుల గురించి టెన్షన్ పడకండి, కానీ దాటేయకండి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, హెడ్ మాస్టర్, ఆ తర్వాత తల్లిదండ్రులు. 2023 డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు డిజిటల్‌గా తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కాగితం పంపి సంతకం పెట్టించుకుంటే సరిపోదు, సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఆ అమ్మ దగ్గర కూర్చుని హెడ్‌సెట్ చూపించి, పెట్టుకోనిచ్చి, వద్దనే హక్కు కూడా ఉందని చెప్పండి. హెడ్‌సెట్ కంపెనీ పెట్టిన వయసు పరిమితి కూడా ముందే చూసుకోండి.

లెక్కలకి జాస్ప్ (JASP) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ముందస్తు మార్కులను లెక్కలోకి తీసుకుని గుంపులను పోల్చండి, కరెంటు పోయి ఆగిపోయిన సెషన్లు, మధ్యలో మానేసిన పిల్లలు ఎంతమందో దాచకుండా రాయండి. అంతా అయ్యాక ఒక రోజు మిగుల్చుకోండి. బోర్డు గుంపు పిల్లలు హెడ్‌సెట్ పెట్టుకోవడానికి, హెడ్‌సెట్ గుంపు వాళ్లు బకెట్‌లో మళ్లీ ఒకసారి నెమ్మదిగా కలపడానికి.