వియత్నామీ భోజనం – 3వ పాఠం: ఫో గిన్నె ముందు కూర్చున్నాక

గత పాఠంలో మెనూలోని మూడు మాటలు నేర్చుకున్నాం: బో అంటే గొడ్డుమాంసం, గా అంటే కోడి, చయ్ అంటే శాకాహారం. ఈ చివరిదాన్ని మన చాయ్ అనుకుని అడిగితే టీ మాత్రం రాదు. ఈ పాఠంలో గిన్నె బల్లమీదికి వచ్చిన తరువాతి ఐదు నిమిషాల సంగతి చూద్దాం. ఎందుకంటే ఫో, అంటే వేడి చారులో వడ్డించే బియ్యపు నూడుల్స్, సాధారణంగా చెడేది ఆ కాసేపట్లోనే, చెడగొట్టేది వంటవాడు కాదు, మనమే.

ముందుగా చెంచాతో చారు మాత్రమే రెండుసార్లు తాగండి. ఎముకలను సన్నని సెగపై గంటల తరబడి మరిగించి, నిప్పుల మీద పైపొర కమిలేదాకా కాల్చిన అల్లాన్ని, ఉల్లిపాయలను అందులో వేసి, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, నల్ల ఏలకులతో ఆ చారును తయారుచేస్తారు. ఇవన్నీ మన బిరియానీ దినుసులే అయినా, కారమూ నూనే కప్పేయనందువల్ల ఒక్కొక్కదాని పరిమళం విడిగా తెలుస్తుంది. ఉప్పదనం చాలావరకు నూక్ మామ్ నుంచి వస్తుంది. నెత్తళ్ళవంటి చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది. కూరగాయల వంటల్లోనూ దీన్ని వాడతారు గనుక, శాకాహారులు ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, చయ్ అన్న బోర్డు ఉన్న చోటికే వెళ్ళాలి.

నేను మొదటిసారి చారు రుచైనా చూడకుండా నిమ్మబద్దలన్నీ పిండి, బల్లమీదున్న రెండు సాసులూ గుమ్మరించి, ఆవకాయన్నంలా ఎర్రగా కలుపుకున్నాను. ఆ రోజు నేను తిన్నది తీపికారపు సాసే తప్ప ఫో కాదు.

పక్కన ఏమి పెడతారన్నది ఊరిని బట్టి మారుతుంది. ఉత్తరాన హనోయిలో గిన్నెలోనే ఉల్లికాడలు వేసి ఇస్తారు. బల్లమీద వెల్లుల్లి ఊరిన వెనిగర్, మిరపకాయలు, ముంచుకుని తినడానికి క్వాయ్ అనే నూనెలో వేయించిన పిండి కడ్డీలు ఉంటాయి. 1954లో దేశం రెండుగా విడిపోయినప్పుడు దక్షిణానికి తరలిన లక్షలాది ఉత్తరాదివారితో ఫో కూడా సైగాన్‌లో విస్తృతంగా పాతుకుపోయి, అక్కడి అలవాటు ప్రకారం పక్కన పచ్చి ఆకుల పళ్ళెం చేరింది. అందులో ఊదారంగు కాడతో సోంపు వాసన వచ్చేది తులసి జాతి ఆకు. రంపపు అంచులతో పొడవుగా ఉన్న ఆకును నలిపితే కొత్తిమీరకంటే ఘాటైన వాసన వస్తుంది. వీటిని చేత్తో తుంచి కొద్దికొద్దిగా వేసుకోవాలి, ఒకేసారి కుమ్మరిస్తే చారు చల్లారిపోతుంది. పెసర మొలకల విషయంలోనూ అంతే. నల్లటి తియ్యని సాసును గిన్నెలో పోయకుండా చిన్న పళ్ళెంలో వేసుకుని, మాంసపు ముక్కలను అందులో అద్దుకోవడం నా లెక్కలో మేలైన పద్ధతి.

గొడ్డుమాంసం తినేవారు ‘తాయ్’ రకం చెప్పినట్లయితే, కాగితంలా కోసిన పచ్చి ముక్కలు పైన పరచి, మరిగే చారు పోసి తెస్తారు. ఇంకా ఎర్రగా కనిపిస్తే వెంటనే చారులోకి నొక్కండి, ఆ వేడికే ఉడుకుతాయి. ఆలస్యం చేస్తే ముక్కలు పచ్చిగానే మిగలడమే కాక, బియ్యపు నూడుల్స్ కూడా నాని మెత్తబడిపోతాయి.

కుడిచేత తినే పుల్లలు (చాప్‌స్టిక్స్), ఎడమచేత చెంచా పట్టుకుని, నూడుల్స్‌ను పుల్లలతో ఎత్తి చెంచాలో సర్దుకుంటే బట్టలమీద చిందదు. తినడం ఆపినప్పుడు పుల్లలను గిన్నెలో నిలువుగా గుచ్చకుండా గిన్నెమీద అడ్డంగా పెట్టాలి. నిలువు పుల్లలు అక్కడివారికి చనిపోయినవారి ముందు వెలిగించే అగరుబత్తులను గుర్తుచేస్తాయి.

అభ్యాసం: ఇంట్లో ఉడికించిన సేమ్యాను నీళ్ళ గిన్నెలో వేసి, పుల్లలతో చెంచాలోకి పదిసార్లు ఎత్తండి. జారే సేమ్యా పట్టుబడితే ఫో నూడుల్స్ సులువే. వచ్చే పాఠంలో తడిపిన బియ్యపు రేకును చిరగకుండా చుట్టడం చూద్దాం.