అరెస్టయిన మనిషికి ప్రభుత్వ ఖర్చుతో లాయరు: దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

ఇంట్లో ఒకరిని పోలీసులు తీసుకెళ్లగానే మనవాళ్లు ముందు అప్పు కోసం పరుగెడతారు. పుస్తెలతాడు తాకట్టు పెట్టి, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి, కోర్టు గేటు దగ్గర ఎవరో చూపించిన లాయరు చేతిలో పోస్తారు. ఆ పని చేసేముందు ఒక్కసారి ఆగి ఇది చదవండి. పోలీసు కస్టడీలోనో జైల్లోనో ఉన్న మనిషికి ఉచితంగా లాయరును పెట్టించుకునే హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఎవరెవరు అర్హులో రాసి ఉంది: ఎస్సీ ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, ఆదాయం తక్కువున్నవాళ్లు, ఇంకా కొందరు. వాళ్లతో పాటే 'కస్టడీలో ఉన్నవాళ్లు' అని విడిగా ఉంది. అంటే లోపలున్న మనిషి ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు చూపించాల్సిన అవసరం లేదు. ఇది చాలామందికి తెలియదు, తెలియక మండలాఫీసు చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకుంటారు.

ఎప్పుడు అడగాలి అనేది ఎలా అడగాలి అన్నదానికంటే ముఖ్యం. అరెస్టు చేసిన 24 గంటల్లోపు (ప్రయాణ సమయం కాకుండా) మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి అని కూడా అందులోనే ఉంది. ఆ మొదటి హాజరు రోజే లాయరు ఉండాలి. ఛార్జిషీటు (పోలీసులు కోర్టులో వేసే నేరాభియోగ పత్రం) వేశాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే రిమాండ్ (కస్టడీలో ఉంచమని కోర్టు ఇచ్చే ఆదేశం) మీద రిమాండ్ పొడిగించి ఉంటారు. బీహార్‌లో పోలీసులు విచారణ ఖైదీల కళ్లు పోగొట్టిన భాగల్పూర్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడే ఈ హక్కు మొదలవుతుందని, ఆ సంగతి ముద్దాయికి చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని. కాబట్టి జడ్జిగారు అడిగినా అడగకపోయినా లోపలున్న మనిషి నోరు తెరిచి 'అయ్యా, నాకు లాయరు లేడు, ప్రభుత్వం తరఫున ఇప్పించండి' అని చెప్పాలి. ఈ ఒక్క మాట ముందే చెప్పి పంపండి. కోర్టులో రిమాండ్ పనికోసం న్యాయ సేవాధికార సంస్థ (ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) తరఫు లాయరు ఉంటారు, ఆయనతో మాట్లాడించమని అడగవచ్చు.

ఇక బయట ఉన్న కుటుంబం చేయాల్సింది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, కొన్ని చోట్ల న్యాయ సేవా సదన్ అని బోర్డు కనిపిస్తుంది. మండల స్థాయిలో అయితే అక్కడి కోర్టులోనే మండల న్యాయ సేవాధికార కమిటీ. వెళ్లి ఫారం అడగండి, ఫారం లేదంటే తెల్లకాగితం మీద తెలుగులోనే రాసివ్వండి. లోపలున్న మనిషి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఏ పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు, ఏ సెక్షన్లు, ఏ కోర్టు, ఏ జైలు, అరెస్టు తేదీ రాసి, లాయరును పెట్టుకోలేదని, ఉచిత న్యాయ సహాయం కావాలని రాస్తే సరిపోతుంది. చదువు రాకపోతే నోటితో చెప్పినా అక్కడివాళ్లు రాసుకోవాలి. క్రైమ్ నంబరు తెలియకపోయినా ఆగిపోకండి. అత్యాచారం లాంటి సున్నితమైన కేసులు తప్ప మిగతావాటి ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి, అక్కడ దొరకవచ్చు. ఇచ్చిన దరఖాస్తు మీద తేదీతో రసీదు తప్పకుండా తీసుకోండి. వచ్చినరోజే నిర్ణయం తీసుకోవడం మంచిదని, ఎంత ఆలస్యమైనా 7 రోజులు దాటకూడదని జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2010 నిబంధనల్లో ఉంది, ఆ ఏడు రోజులు లెక్కపెట్టుకోవడానికి మీ దగ్గర ఉండేది ఆ రసీదు ఒక్కటే.

వెళ్లలేనివాళ్లు 15100కి ఫోన్ చేయవచ్చు, దేశమంతా అదే నంబరు. బతుకుతెరువుకి చెన్నైకో బెంగళూరుకో వెళ్లిన పిల్లాడిని అక్కడ అరెస్టు చేస్తే దరఖాస్తు అక్కడి జిల్లా సంస్థకే వెళ్లాలి. భాష రాని చోట మీరు పడే టెన్షన్ వేరు, అందుకే ముందు ఈ నంబరుకి చేయండి, తర్వాత రైలెక్కండి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గానూ పెట్టవచ్చు. జైలు లోపలి నుంచైతే జైల్లోని న్యాయ సహాయ కేంద్రంలోగానీ, పారాలీగల్ వాలంటీరుకుగానీ (న్యాయ సహాయం కోసం సంస్థ పెట్టిన కార్యకర్త), లేదా జైలు సూపరింటెండెంటు ద్వారాగానీ ఇవ్వవచ్చు. ములాఖత్‌కి వెళ్లినప్పుడు దరఖాస్తు ఇచ్చావా అని అడగండి, మర్చిపోకండి.

లాయరును కేటాయించాక వకాల్తా (తన తరఫున వాదించమని లాయరుకిచ్చే కాగితం) మీద ముద్దాయి సంతకం కావాలి. కోర్టు ఫీజు, కాపీలు, టైపింగ్ ఖర్చు అన్నీ సంస్థే భరిస్తుంది, లాయరు మీ దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. అడిగితే సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఆయన కూడా జడ్జే. పని చేయకపోతే వేరే లాయరును ఇవ్వమనీ అడగవచ్చు. ఉచిత లాయరు అంటే నాసిరకం అనే మాట ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. 2022లో వచ్చిన పద్ధతిలో అనేక జిల్లాల్లో క్రిమినల్ కేసులు మాత్రమే చూసే పూర్తికాలపు డిఫెన్స్ లాయర్లను నియమించారు, వాళ్లు రిమాండ్ దగ్గర నుంచి అప్పీలు దాకా చూస్తారు. పేరున్న లాయరు కోర్టుకే రాకుండా వాయిదాలు అడుగుతుంటే ప్రతి వాయిదాకీ వచ్చి నిలబడే మనిషే మేలని నా నమ్మకం.

ఆ లాయరుతో మొదటి రోజే మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. రిమాండ్ రోజు నుంచి 60 రోజుల్లో (పదేళ్లు, అంతకు మించి శిక్ష, యావజ్జీవం, ఉరి పడే నేరాలకు 90 రోజుల్లో) ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది, కానీ అది దానంతటదే రాదు, ఛార్జిషీటు పడేలోపు పిటిషన్ వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే చేజారిపోవచ్చు. క్యాలెండరులో ఆ తేదీ గుర్తు పెట్టుకోండి. గంజాయి, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) లాంటి కేసుల్లో గడువు ఇంకా ఎక్కువ ఉండవచ్చు, లాయరునడిగి తెలుసుకోండి.

అర్హత లేదని తిప్పి పంపితే సంస్థ ఛైర్మన్‌కి, అంటే జిల్లా జడ్జికి, అప్పీలు పెట్టవచ్చు. అడగలేదు కాబట్టి లాయరును ఇవ్వలేదు అంటే కుదరదు. అరుణాచల్ ప్రదేశ్‌లో సుఖ్ దాస్ అనే ముద్దాయికి లాయరు లేకుండా విచారణ జరిపి వేసిన శిక్షను 1986లో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ కారణంతోనే కొట్టేసింది.

బెయిలు వచ్చినా షూరిటీలు (పూచీ ఉండే జామీనుదారులు) దొరక్క లోపలే మిగిలిపోయేవాళ్లు ఎందరో. ఆర్డరు వచ్చిన 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోపు షూరిటీ ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చు. మీరైతే ఏడో రోజు దాకా ఎదురుచూడకండి, షూరిటీ దొరకదని తేలిన రోజే అదే ఆఫీసుకి వెళ్లి ఇంకో కాగితం రాసివ్వండి.