చెత్త డంపింగ్ యార్డుకి పోకుండా ఇంట్లోనే వేరు చేయడం ఎలా?

మూడు బుట్టలు చాలు. 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇచ్చిన బుట్టల్లో ఉల్లిపాయలు పోసుకుని ఉంటే, ముందు వాటిని ఖాళీ చేయండి. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలం పొడి చెత్తకి, ఎరుపు బ్యాటరీలు, గడువు దాటిన మాత్రల్లాంటి వాటికి. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి.

తడి చెత్తలో తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం వేయండి. కవర్లో మూటకట్టి మాత్రం వేయకండి.

అందరూ పాడుచేసేది పొడి చెత్తనే. వేరు చేశాం కదా అంటారు, తీరా చూస్తే అట్టపెట్టె మీద సాంబారు కారి ఉంటుంది. నూనె, కూర అంటిన కాగితం, కొత్త కాగితం చేసే గుజ్జుకి పనికిరాదు. ఒక్క బిర్యానీ డబ్బా ఒలికితే కింద ఉన్న పేపర్లన్నీ దండగే. అందుకే డబ్బాలు కడిగి, బోర్లించి, ఆరాకే నీలం బుట్టలో వేయాలి.

పాల ప్యాకెట్‌ని మూల పూర్తిగా తెంపకండి. ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, కాలవలోకే పోతుంది. కత్తిరించిన ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా ఉంచి, లోపల కడిగి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేయండి. గిన్నెలు తోమిన నీళ్లే చాలు, దీనికోసం ట్యాప్ తిప్పొద్దు.

"ఎలాగూ అన్నీ యార్డుకే కదా" అనేవాళ్లు ఒకసారి విజయవాడ సింగ్‌నగర్ వాళ్లని అడగండి, డంపింగ్ యార్డు పక్కన బతకడం ఎలా ఉంటుందో. గాలి ఆడని కుప్పలో తడి చెత్త కుళ్లితే మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది, నల్లటి ఊట భూమిలోకి దిగుతుంది. చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2022లో కొండవీడు దగ్గర మొదలైంది కదా అంటారు. తడిసిన చెత్త సరిగా మండదండీ, అక్కడా పొడిదే కావాలి. పైగా కాల్చేస్తే అల్యూమినియం డబ్బా మళ్లీ డబ్బాగా రాదు. కరిగించి వాడితే ఖనిజం నుంచి తీసేదానికంటే శక్తి దాదాపు 95 శాతం మిగులుతుంది. నా లెక్కలో కాల్చడం, పూడ్చడం చివరి మాటే. చిప్స్ ప్యాకెట్ల లాంటి పొరల కవర్లకి మాత్రం వేరే దారి తక్కువ, వాటిని కొనడం తగ్గించండి.

సీసాలు, అట్టలు, డబ్బాలు నెలకోసారి పాత పేపర్ల కొట్టుకి ఇచ్చేయండి. అట్టపెట్టెలు విప్పి, పరిచి, తాడుతో కట్టాలి. కిలోకి రూపాయి తక్కువిచ్చాడని కొట్టువాడితో బేరం పెట్టుకోకండి.